కంప్యూటర్ కబుర్లు: అరిచే తప్పే నయం!

ఇంజినీరింగ్ మొదటి ఏడాది ల్యాబు. బెజవాడలోనైనా, గుడివాడలోనైనా, బందరులోనైనా దృశ్యం ఒక్కటే. నలుగురు విద్యార్థుల మార్కులిచ్చి, ఎక్కువ నుంచి తక్కువకు వరసలో పెట్టే ప్రోగ్రామ్ రాయమంటారు. కుర్రాడు పైథాన్‌లో పది లైన్లు రాసి మీట నొక్కుతాడు. తెరమీద ఎర్రటి అక్షరాలు... ‘లిస్ట్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్’! పక్కవాడి ప్రోగ్రామ్ మాత్రం టకీమని జవాబిచ్చింది. ‘నాకీ చదువు అచ్చిరాదు’ అని వీడికి దిగులు. నిజానికి దిగులు పడాల్సింది పక్కవాడేమో!

ముందు ఆ ఎర్రక్షరాల సంగతి చూద్దాం. పక్కపక్కనున్న రెండేసి అంకెల్ని పోల్చుతూ, వరస తప్పితే తారుమారు చేస్తూ పోవడం అందరూ మొదట నేర్చుకునే పద్ధతి. చేతికి వేళ్లు అయిదైనా, మధ్య సందులు నాలుగే కదా! అలాగే నాలుగు అంకెలుంటే పోలికలు మూడే. కుర్రాడు నాలుగుసార్లు పోల్చమన్నాడు. ఆఖరి అంకెకు కుడిపక్కన ఎవరూ లేరు. లేనిదాన్ని అడిగితే కంప్యూటరు అరవక ఏం చేస్తుంది?

దీనికి తోడు ఇంకో తిరకాసు. మనం ఒకటి నుంచి లెక్కపెడతాం. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. 1957లో పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. వాటిని లిస్టులో పెడితే మొదటిది 0, చివరిది 69. ‘70’ అని అడిగితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ‘67’ అని అడిగితేనో? గొడవేమీ చేయదు. నిశ్శబ్దంగా 68వ గేటును చూపిస్తుంది! 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు కొట్టుకొచ్చి గేట్లను ఢీకొన్న రోజులు గుర్తున్నాయిగా. అలాంటి వేళ లెక్క ఒక్కటి తప్పితే మరమ్మతు మనుషులు పక్క గేటు దగ్గరకు పరుగెత్తాల్సిందే. కాబట్టి, అరిచే తప్పు కన్నా అరవని తప్పే ప్రమాదం.

ఇప్పుడు పక్కవాడి జవాబు చూద్దాం. మార్కులు 92, 67, 100, 85. వాడి ప్రోగ్రామ్ ఇచ్చిన వరస... 92, 85, 67, 100. నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లు అట్టడుగున! కారణం? కీబోర్డు మీద కొట్టినదాన్ని పైథాన్ అంకెగా కాదు, అక్షరాలుగా తీసుకుంటుంది. నిఘంటువులోలా మొదటి అక్షరాన్నే ముందు చూస్తుంది. 9 కన్నా 1 చిన్నది కాబట్టి 92 కన్నా 100 చిన్నదనుకుంది. దాన్ని అంకెగా మార్చమని ఒక్క మాట చెబితే సరిపోయేది.

తారుమారు చేసేటప్పుడు జరిగే పొరపాటు మరొకటి. ఒక గ్లాసులో పాలు, ఇంకోదాంట్లో మజ్జిగ. రెంటినీ మార్చాలంటే మూడో గ్లాసు కావాలి. అది లేకుండా 67 ఉన్నచోట 100 రాస్తే 67 చెరిగిపోతుంది. ఆ తర్వాత రెండు చోట్లా 100లే! ఒకరి మార్కులు మాయం. అయినా ప్రోగ్రామ్ నోరెత్తదు. పైథాన్‌లో రెంటినీ ఒకే వాక్యంలో మార్చుకునే వీలుంది. అది తెలియకే ఈ పాట్లు.

ఇలాంటివి కొత్తవాళ్లకే అనుకుంటే పొరపాటు. పైథాన్ కోసం 2002లో టిమ్ పీటర్స్ ‘టిమ్‌సార్ట్’ అనే పద్ధతి రాశాడు. 2011లో వచ్చిన జావా 7లోనూ దాన్నే వాడారు. 2015లో నెదర్లాండ్స్‌కు చెందిన స్టైన్ డి గౌ బృందం, జావాలోని ఆ ప్రోగ్రామ్ సరైనదేనని గణితంతో రుజువు చేయబోయింది. తీరా చూస్తే తప్పు బయటపడింది! లోపల లెక్కలు దాచుకునే ఓ చిన్న లిస్టుకు గళ్లు చాలవు. అరుదైన కొన్ని వరసలిస్తే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అంటే, ల్యాబులో మన కుర్రాడు చేసిన తప్పుకు అన్నలాంటిదే! దాని అసలు కారణం ఏళ్ల తరబడి బయటపడలేదు.

మరి మందేమిటి? కాగితం, పెన్సిలు. నాలుగు గళ్లు గీసి, ప్రోగ్రామ్ చెప్పినట్టే చేత్తో అంకెలు మార్చి చూడాలి. ప్రతి విడత తర్వాత లిస్టును తెరమీద చూపించమనాలి. ఒకే ఒక్క అంకె, అన్నీ ఒకే అంకెలు, ముందే వరసలో ఉన్నవి... ఇలా జవాబు తెలిసినవే ఇచ్చి పరీక్షించాలి. మార్కుల జాబితాలో నూరు తప్పకుండా ఉండాలి. చివరగా మొత్తం కూడాలి. మన నాలుగు మార్కులూ కలిపితే 344. వరసలో పెట్టాక కూడా అంతే రావాలి. మిల్లుకొచ్చిన ధాన్యం బస్తాల్ని ఎలా పేర్చినా లెక్క మారదుగా!

ఇంట్లో పిల్లాడు ఎర్రక్షరాల ముందు మొహం వేలాడేసుకుని కూర్చుంటే, ‘పోనీలే నాన్నా, తప్పెక్కడో అదే చెబుతోందిగా’ అనండి. ఏ తప్పూ రాలేదని సంబరంగా లేస్తే మాత్రం... ‘ఏదీ, ఓసారి నూరు ఇచ్చి చూడు’ అనండి!