వీరరసమూ, బలుసాకూ

ఈమధ్య ఒక సాహిత్య సభలో వీరరసాన్ని గురించి ఉపన్యసించిన పండితుడొకరు, "బతికుంటే బలుసాకు తినవచ్చు" అన్న సామెతను తెలుగుజాతి పిరికితనానికి నిదర్శనంగా చూపించారు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ ఆ సభలో ఉన్నాను, కొట్టలేదు. తెలుగు పాఠం చెప్పి బతుకుతున్నవాణ్ణి కనుక, ఎందుకు కొట్టలేదో చెప్పుకోవలసిన బాధ్యత నాకుంది.

ఆ సామెత యుద్ధభూమిలోనే పుట్టిందని నేననను. కాని అది ఏ తరగతి నోటిమాటో గుర్తుపట్టడం కష్టం కాదు. గెలిచిన రాజుకు రాజ్యం దక్కుతుంది. ఓడినవాడికి తరచు భరణమైనా దక్కుతుంది. బలుసాకు తినవలసిన అగత్యం ఇద్దరికీ లేదు. కరువునాడు కంపల్లో ఏరుకు తినే ఆకు అది. "ఊపిరుంటే ఉప్పమ్ముకొని బతకవచ్చు" అన్నవాడూ ఆ తరగతివాడే. యుద్ధాలకు కూలికి పోయినవాడూ అతడే. బెంగాలులో కంపెనీ సిపాయికి "తిలంగా" అన్న పేరు వచ్చిందంటే, మద్రాసు వైపు నుంచి మొదట తుపాకులు మోసుకువెళ్ళిన మనవాళ్ళే కారణం.

ఇటువంటి సిపాయి ఏ దేశంలోనైనా ఒక్క తీరుగానే మాట్లాడతాడు. 1949లో మర్ఫీ అనే అమెరికా వైమానికదళపు ఇంజనీరు పేరుమీద ఒక సూత్రం పుట్టింది: చెడిపోవడానికి వీలున్నది చెడి తీరుతుంది. తరువాత సైనికులు దాన్ని పట్టుకొని తమ అనుభవాన్నంతా సూత్రాలుగా పేర్చుకున్నారు. నీకంటే ధైర్యవంతుడితో ఒకే గోతిలో దాక్కోకు. శత్రువు నీ గురికి అందాడంటే నువ్వూ అతని గురికి అందినట్టే. నీ చేతిలోని తుపాకీ అందరికంటే తక్కువ ధరకు పాటపాడిన కంట్రాక్టరు చేసిందని మరచిపోకు.

వీటిని పిరికిమాటలంటారా? మూడోదాన్ని మళ్ళీ చదవండి. యుద్ధంలో ఎవరు లాభం తీస్తారో, ఎవరి ప్రాణం ఆ లెక్కలో చేరుతుందో ఒక్క వాక్యంలో ఉన్నది. మన వీరకావ్యాలు ఎన్ని ఆశ్వాసాలు గడిచినా ఈ లెక్క విప్పవు.

విప్పకపోగా, ఇల్లు చేరినవాణ్ణి ఎగతాళి చేయడం మనకు నేర్పాయి. ఖడ్గతిక్కన కథ తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధికీ కాటమరాజుకూ యుద్ధం వచ్చింది. కారణం పశువుల మేత, దానిమీద పుల్లరి. ఓడి ఇల్లు చేరిన తిక్కనకు భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి, ఆడవారికి పెట్టినట్టు పసుపుముద్ద పెట్టిందట. తల్లి విరిగిన పాలు పోసిందట. అతడు తిరిగి వెళ్ళి చచ్చాడు. గడ్డిమీది పన్ను కోసం ఒక మనిషిని రెండోసారి చావుకు పంపిన కథను మనం వీరమాతల ఆదర్శమని పాఠం చెప్పుకున్నాం! ఇదీ హాస్యమే. కాని ఈ హాస్యం బతికివచ్చినవాణ్ణి చూసి నవ్వుతుంది. సిపాయి హాస్యం అతణ్ణి పంపినవాణ్ణి చూసి నవ్వుతుంది. ఈ భేదం తెలియని విమర్శకుడు రసచర్చకు దిగకపోవడం మంచిది.

"అయితే నరసింహారెడ్డి వంటి వీరుడు వద్దా?" అని పండితులు అడగవచ్చు. ఉయ్యాలవాడకే వెళదాం. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణానికి దిగజారిన పాళెగాడు ఆయన. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై పడినప్పుడు ఆయన వెంట కట్టుబడులు నడిచారు. ఊరి కావలికి ప్రతిఫలంగా అనుభవిస్తున్న ఇనాము భూములను కంపెనీ ప్రభుత్వం లాగేసుకుంటూ ఉంది. వాళ్ళ పోరాటం తిండిగింజల కోసం. ఆయన పేరు పాటలో నిలిచింది; 2019లో చలనచిత్రమూ అయింది. ప్రాణాలతో ఇల్లు చేరిన కట్టుబడి పేరు మనలో ఎందరికి తెలుసు?

1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను కోట గుమ్మానికి 1877 దాకా వేలాడదీశారు. ముప్పయి ఏళ్ళు! ఆ దారిన సంతకు పోయే రైతుకు "తల కాపాడుకో" అన్నది సామెత కాదు, కళ్ళెదుట వేలాడే సర్కారు హుకుం. అతడు తల కాపాడుకున్నాడు. కాని నోరు మూసుకోలేదు. ఉరికంబమెక్కినవాడు తన పాట తాను పాడుకోలేడు గదా! వెనక మిగిలినవాళ్ళు పాడితేనే ఆ పాట మనదాకా వచ్చింది. బలుసాకు తిని బతికినవాడు లేకపోతే పండితులకు ఉపన్యసించడానికి వీరుడే ఉండేవాడు కాడు.

మన అభ్యుదయ మిత్రులలో కొందరిది మరొక అభ్యంతరం. ఈ నవ్వు సిపాయి కోపాన్ని చల్లార్చి, అతణ్ణి మళ్ళీ వరుసలో నిలబెడుతుందంటారు. ఇందులో నిజం లేకపోలేదు. ఎలా బతకాలన్నంతవరకే ఆ సూత్రాలు చెబుతాయి. ఎందుకు పంపారని అడగవు. అయితే ఆ లోటు తీర్చవలసినవాడు రచయిత. ఆస్ట్రియా–హంగేరీ సైన్యంలో సిపాయిగా పనిచేసిన చెక్ రచయిత హాషెక్, ఆ పటాలపు నవ్వులనుంచే ష్వైక్ నవలను తీశాడు. 1921లో మొదలుపెట్టిన ఆ నవల పూర్తికాకుండానే 1923లో చనిపోయాడు. ష్వైక్ ప్రతి ఆజ్ఞకూ చిత్తమంటాడు. అలా అంటూనే ఒక సామ్రాజ్యపు యుద్ధయంత్రాన్ని నవ్వులపాలు చేస్తాడు. సామాన్యుడి హాస్యాన్ని చిన్నచూపు చూసిన రచయితకు ఈ పని సాధ్యమయ్యేది కాదు.

కనుక విద్యార్థి మిత్రులకు నా మనవి ఒకటి. పటాలంలో చేసివచ్చినవారు మన ఊళ్ళలో ఉన్నారు. వారిని పతకాల గురించి అడగడం మాని, ఎలా బతికివచ్చారో అడగండి. నవ్వుతూ చెబుతారు. ఆ నవ్వును ఉన్నదున్నట్టు రాసుకోండి. వీరగాథల పక్కనే దాన్నీ అచ్చువేద్దాం.

పండితులవారు మళ్ళీ సభలో పిరికితనం మాట ఎత్తితే, నేను లేచి అడగబోయేది ఒక్కటే: అయ్యా, ఆ ఆకు తమరెప్పుడైనా తిన్నారా?