ఫ్యాక్టరీకి కావాల్సింది స్పీడ్ కాదు, టైమింగ్

రౌటర్ కొనేటప్పుడు మనం ముందు చూసేది డబ్బా మీద స్పీడ్. గిగాబిట్టా, 2.5 గిగాబిట్టా, వై-ఫై 7 ఉందా లేదా. గేమింగ్‌కి, 4కే సినిమాలకి ఆ లెక్క సరిపోతుంది. పాతబస్తీ దాటగానే వచ్చే కాటేదాన్ పారిశ్రామికవాడలో, ఒక బిస్కెట్ ప్యాకింగ్ షెడ్డులో మాత్రం అదే లెక్క వేస్తే బోల్తా పడతాం. అక్కడ సెన్సర్ పంపేది కొన్ని బైట్లే. కానీ ఆ కొన్ని బైట్లు ప్రతిసారీ చెప్పిన టైమ్‌కి చేరాలి.

"మామూలు ఈథర్‌నెట్ ఫ్యాక్టరీకి పనికిరాదు" అనే మాట మీరు వినే ఉంటారు. దానికి ఒకప్పుడు కారణం ఉంది. 1973లో జిరాక్స్ పార్క్ ల్యాబ్‌లో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ అనే పేరు పెట్టినప్పుడు, అది అందరూ పంచుకునే ఒకే తీగ. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఢీకొట్టుకోవడం, ఇద్దరూ ఆగడం, కాసేపటికి మళ్లీ ప్రయత్నించడం. ఆ "కాసేపు" ఎంత అన్నది లాటరీయే. అందుకే ఆటోమేషన్ వాళ్లు 1979లో వచ్చిన మాడ్‌బస్‌ని, ఆర్‌ఎస్-485 తీగల్ని నమ్ముకున్నారు. తర్వాత స్విచ్‌లు, ఫుల్ డూప్లెక్స్ వచ్చి ఢీకొట్టుకోవడం పోయింది. మాట మాత్రం పోలేదు.

ఇప్పుడు మిగిలిన సమస్య స్విచ్ లోపలి క్యూ. లెక్క చూడండి. 1500 బైట్ల ఫ్రేమ్ ఒకటి 100 మెగాబిట్ పోర్టు దాటడానికి దాదాపు 0.12 మిల్లీసెకండు పడుతుంది. దాని వెనక నిలబడితే పీఎల్‌సీకి ఏమీ కాదు. ముందు అలాంటివి వంద ఉంటే? 12 మిల్లీసెకండ్లు. 10 మిల్లీసెకండ్లకోసారి జవాబు రావాల్సిన మెషిన్ ఆ రౌండ్ మిస్ అయినట్టే. వరసగా కొన్ని రౌండ్లు మిస్ అయితే కమ్యూనికేషన్ ఫాల్ట్ చూపించి ఆగిపోతుంది.

ఇది కాగితం మీది లెక్క కాదు. నాకు తెలిసిన ఒక యూనిట్‌లో (పేరు వద్దు) రోజూ షిఫ్ట్ మారే టైమ్‌కి లైన్ ఆగేది. "అన్నా, పీఎల్‌సీ పోయినట్టుంది, కొత్తది తెప్పిస్తున్నం" అన్నాడు అక్కడి టెక్నీషియన్. వెళ్లి చూస్తే పీఎల్‌సీ ఆఫీసు పక్కన ఒక స్విచ్‌కి, ఫిల్లింగ్ మెషిన్ షెడ్డు చివర ఇంకో స్విచ్‌కి ఉన్నాయి. రెండింటి మధ్య ఒకటే కేబుల్. కెమెరాల రికార్డర్ కూడా షెడ్డు వైపే ఉంది. సూపర్‌వైజర్ షిఫ్ట్ అయిపోగానే ఆ రోజు ఫుటేజ్ మొత్తం ఆఫీసు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకునేవాడు. ఇంకేముంది, కేబుల్ నిండా వీడియోనే. పీఎల్‌సీ బాగానే ఉంది. కెమెరాలకి వేరే కేబుల్, వేరే స్విచ్ పెట్టాక లైన్ ఆగలేదు. లైన్ ఆగితే ఓనర్‌కి నష్టం సరే, రోజు కూలీకి వచ్చినవాళ్లని సగం పూటకే ఇంటికి పంపేస్తారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

అన్నీ గిగాబిట్ స్విచ్‌లు పెడితే పోదా అంటారా? క్యూ తగ్గుతుంది, గ్యారంటీ మాత్రం రాదు. పైగా చాలా పీఎల్‌సీల పోర్టు 100 మెగాబిట్టే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చిన్న యూనిట్లకి మామూలు ఈథర్‌నెట్ చాలు. మాడ్‌బస్ టీసీపీ, ఈథర్‌నెట్/ఐపీ, ప్రొఫినెట్ ఆర్‌టీ మామూలు స్విచ్‌ల మీదే నడుస్తాయి. మెషిన్ లోపల సర్వో మోటార్లు మిల్లీసెకండు కంటే తక్కువ టైమ్‌లో కలిసి కదలాలంటే ఈథర్‌క్యాట్ లాంటిది కావాలి. బెక్‌హాఫ్ కంపెనీ 2003లో తెచ్చింది, అద్భుతంగా పనిచేస్తుంది, కానీ ప్రతి డ్రైవ్‌లో దానికోసం ప్రత్యేకమైన చిప్ ఉండాలి. మెషిన్‌కీ మెషిన్‌కీ మధ్య దాని అవసరం లేదు. (లాడ్ బజార్ లక్క గాజుల వాళ్లకి ఇవేవీ అక్కర్లేదు. నిప్పు దగ్గర వాళ్ల చేతికున్న టైమింగ్ ఏ పీఎల్‌సీకీ రాదు.)

టీఎస్‌ఎన్ గురించి కూడా వినే ఉంటారు. నిమజ్జనం రోజు శోభాయాత్ర చార్మినార్ మీదుగా వెళ్లేటప్పుడు మిగతా బండ్లని ఆపేస్తారు కదా, అలాగే కంట్రోల్ డేటా వచ్చే క్షణానికి స్విచ్ మిగతా ట్రాఫిక్‌ని ఆపి ఉంచుతుంది. ఐఈఈఈ 802.1క్యూబీవీ అనే ప్రమాణం చెప్పేది ఇదే. బాగుంటుంది, కానీ దారిలోని స్విచ్‌లన్నీ దాన్ని సపోర్ట్ చేయాలి. కాటేదాన్ షెడ్డు దానికోసం ఆగక్కర్లేదు. కెమెరాలు ఒకవైపు, మెషిన్లు ఒకవైపు విడగొట్టండి చాలు.

డబ్బు మిగల్చకూడని చోటు ఒకటుంది: స్విచ్. ఇళ్లలో వాడే రౌటర్ల స్పెసిఫికేషన్ చూడండి, చాలావాటికి పైపరిమితి 40 డిగ్రీలే. మే నెలలో మన ఊళ్లో బయటే అంతకన్నా ఎక్కువ, ఇక డ్రైవ్ పక్కన ప్యానెల్ లోపల సంగతి చెప్పక్కర్లేదు. డిన్ రైల్ మీద కూర్చునే, 24 వోల్టులతో నడిచే మేనేజ్డ్ స్విచ్ తీసుకోండి. కేబుల్‌ని మోటారు పవర్ కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో లాగొద్దు.

ఇంకోటి. మాడ్‌బస్ టీసీపీకి పాస్‌వర్డ్ లేదు. 502 పోర్టుకి ఎవరు చేరితే వాళ్లే ఓనర్. ఫోన్‌లో ప్రొడక్షన్ చూసుకోవాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితే, తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే. వీపీఎన్ పెట్టుకోండి. ఎమర్జెన్సీ స్టాప్‌ని మాత్రం ఈ మామూలు నెట్‌వర్క్ మీద పెట్టొద్దు. దానికి సొంత తీగ, సొంత సేఫ్టీ రిలే ఉండాలి. ప్యాకెట్ లేటైతే పోయేది అక్కడ చెయ్యి.

ఇక నేను ఎదురుచూస్తున్న గ్యాడ్జెట్ వై-ఫై 7 రౌటర్ కాదు. 2019లో ఐఈఈఈ ఆమోదించిన 10బేస్-టీ1ఎల్. ఒకే జత తీగ మీద 1000 మీటర్ల దాకా డేటా, కావాలంటే కరెంటూ వెళ్తాయి. స్పీడ్ 10 మెగాబిట్లే. పాత ఆర్‌ఎస్-485 సెన్సర్ల స్థానంలోకి మామూలు ఈథర్‌నెట్ రావాలంటే ఈ దారినే రావాలి. డెవలప్‌మెంట్ బోర్డు చేతికందితే ముందు దాన్నే రివ్యూ చేస్తాను.