పదకొండు మంది వెనక ఉన్న ఓట్లు

కంచరపాలెం చుట్టూ ఉన్న విశాఖ ఉత్తర, పశ్చిమ నియోజకవర్గాల లెక్కలు చూస్తే 2024 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల తీర్పును సునామీ అనడానికి మాకు నోరు రాదు. 2019లో రాష్ట్రం వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 స్థానాలు కట్టబెట్టిన వేళ, నగరంలోని నాలుగు దిక్కుల స్థానాలూ తెలుగుదేశానికే దక్కాయి. రెండేళ్లు తిరక్కుండానే, 2021 నగరపాలక ఎన్నికల్లో 98 వార్డులకు 58 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. 2024లో ఉత్తరం బీజేపీకి, పశ్చిమం మళ్లీ తెలుగుదేశానికి వచ్చాయి. అన్ని పక్షాలకూ చోటున్న ఊరిది. రాష్ట్రమూ అంతే. వైఎస్సార్ కాంగ్రెస్ ఓట్లు 50 శాతం నుంచి 39కి తగ్గితే సీట్లు 151 నుంచి 11కి పడిపోయాయి. 2019లో తెలుగుదేశానికీ సుమారు 39 శాతమే వచ్చింది, 23 సీట్లు మిగిలాయి. మొత్తం 175 సీట్లలో 164 తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమివే అయినా, ప్రతి పదిమంది ఓటర్లలో దాదాపు నలుగురు వైఎస్సార్ కాంగ్రెస్ వైపు ఉన్నారన్నది నిజం.

అందుకే ఆ పదకొండు మంది నాయకుడు జగన్‌కు ప్రతిపక్ష నేత హోదా ఇవ్వాలని మేం కోరుతున్నాం. పదోవంతు సభ్యులు, అంటే 18 మంది ఉండాలన్నది పాలకపక్షం వాదన. సంప్రదాయాన్ని కాదనలేం. కానీ 1994లో 294 మంది సభలో 26 స్థానాలే ఉన్న కాంగ్రెస్ నుంచి పి.జనార్దనరెడ్డి ప్రతిపక్ష నేతగా కొనసాగారు. అప్పుడు అధికారంలో ఉన్నది తెలుగుదేశమే. 2015లో ఢిల్లీలో 70 మంది సభలో ముగ్గురే ఉన్న బీజేపీకీ ఆ హోదా దక్కింది. సభకే రానివారికి హోదా ఎందుకన్న ప్రశ్న ఇంతకంటే బరువైనది. హోదా ఇస్తేనే వస్తామనడం ఓటేసినవారికి అన్యాయం. జగన్ పక్షం ఆ పట్టు వదలాలి. అయితే వాళ్ల తప్పు చూపి పాలకులు తమ బాధ్యత తప్పించుకోలేరు. 2019లో 151ని చూసుకుని రాజధానినే మూడు ముక్కలు చేయబోయినవారికి ఏమైందో కళ్లెదుటే ఉంది. కార్యనిర్వాహక రాజధాని ఇస్తామన్న విశాఖే వాళ్లను ఆదరించలేదు.

ప్రవాసంలో ఉన్న మనం కూడా పార్టీల వారీగా చీలి, ఈ మాట అనడానికి వెనకాడుతున్నాం. కానీ విశాఖ ఉక్కు కర్మాగారం సంగతి చూడండి. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా అమ్మాలని నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. కూటమిలోని మూడు పార్టీలూ ఢిల్లీ పాలక కూటమిలోనివే. ఆ డబ్బు ఎటు పోతోంది, అమ్మకం నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా ఎప్పుడు రద్దు చేస్తారు, కాంట్రాక్టు కార్మికుల గతేమిటి అని శాసనసభలో గట్టిగా నిలదీయాల్సింది ఆ పదకొండు మందే. వచ్చే సమావేశాల్లోనే వాళ్లు సభలో కూర్చోవాలి, వాళ్ల నాయకుడికి మాట్లాడే సమయం హక్కుగా దక్కాలి.