సంపాదకుని మాట: పాత రాళ్లు, కొత్త అడుగులు

పాతబస్తీలో చౌమహల్లా దర్బారు హాలు చూసినప్పుడల్లా మహ్ లఖా బాయి చందా గుర్తొస్తుంది. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఈ హైదరాబాదీ నర్తకి ఉర్దూ గజళ్లూ రాసింది. ఆమె కవితల దివాన్ మనకు మిగిలింది. మౌలాలి గుట్ట దగ్గర సమాధీ ఉంది. ఆమె అడుగు ఎలా పడేదో చూపించేది మాత్రం ఏదీ లేదు.

నాట్యానికున్న కష్టమే ఇది. కాగితం మీద నిలవదు, ఒంట్లోనే బతకాలి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి పూనుకున్నప్పుడు ఆయనకు ముఖ్యంగా దొరికినవి రెండు: 13వ శతాబ్దపు జాయప సేనాని 'నృత్త రత్నావళి' గ్రంథం, రామప్ప గుడి శిల్పాలు. శ్లోకం లక్షణం చెబుతుంది, శిల్పం ఒక క్షణాన్ని పట్టి చూపుతుంది. ఆ భంగిమ నుంచి ఈ భంగిమకు ఎలా చేరాలో రెండూ చెప్పవు. ఆ ఖాళీని సాధనతోనే పూరించుకోవాలి. 1985 శివరాత్రికి రామప్ప గుడి ముంగిటే పేరిణి ప్రదర్శన జరిగింది. పునరుద్ధరణ అంటాం కానీ, అది సగం కొత్త సృష్టే.

ఈ సంచిక అలా కొత్త నృత్యరూపాలు కట్టేవారి కోసం. తొలి ప్రదర్శనతో పని ముగియదు, అసలు దిద్దుబాటు అప్పుడే మొదలవుతుంది. ఎక్కడ సభ ఊపిరి బిగబట్టిందో, ఎక్కడ కుర్చీలు కిర్రుమన్నాయో నర్తకికి పాదాల్లోనే తెలుస్తుంది. అందుకే ప్రేక్షకులారా, చప్పట్లు కొట్టి వెళ్లిపోకండి. రెండోసారీ వచ్చి చూడండి.