కహ్నా, బతానా వచ్చిన పిల్లలకు సే, టెల్ కష్టమా?

ఇంగ్లీషులో మార్కులు తగ్గితే చాలు, "ఇంట్లో ఉర్దూ మానేయండి, ఇంగ్లీషే మాట్లాడండి" అని మన తల్లిదండ్రులకు సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. చాలామంది అమ్మీలూ అబ్బాలూ దాన్ని హుకుంలా పాటిస్తున్నారు. పిల్లలు దాదీమాతో నోరు విప్పడానికి కూడా జంకుతున్నారు. ఈ సలహా గలత్ అని నా అభిప్రాయం. ఇంగ్లీషు క్రియల దగ్గర పిల్లలు తడబడే చోటే ఇంటి భాష వాళ్ళకు మదత్ చేస్తుంది.

సే, టెల్ సంగతే చూడండి. రెండింటికీ "చెప్పు" అని గైడులో ఉంటుంది. అది బట్టీపట్టిన పిల్లవాడు "హీ సెడ్ మీ" అంటాడు. మన దక్కనీ "మేరేకు బోల్యా"ని ఇంగ్లీషులోకి మార్చినా అదే గతి, దక్కనీలో అన్నిటికీ బోల్నాయే కదా. కితాబీ ఉర్దూలో మాత్రం ఫరఖ్ సాఫ్‌గా ఉంది. "ముఝ్‌సే కహా" అంటే హీ సెడ్ టు మీ. "ముఝే బతాయా" అంటే హీ టోల్డ్ మీ. కహ్నాతో మనిషికి "సే" తగిలినట్టే సెడ్ తర్వాత మనిషికి "టు" తగలాలి. టోల్డ్‌కు ఆ అవసరం లేదు.

దూదేకుల కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాష తెలుగే. వాళ్ళకూ ఫికర్ అక్కర్లేదు. "నాతో అన్నాడు" సెడ్ టు మీ, "నాకు చెప్పాడు" టోల్డ్ మీ. గైడు రాసినాయన "అను"ని మరిచిపోయాడు, అంతే!

అజాన్ వినిపించింది, అజాన్ సునాయీ దీ. మన ప్రయత్నం లేకుండా చెవిన పడింది కాబట్టి అది హియర్. జుమా ఖుత్బా ధ్యాన్ పెట్టి వింటాం, అది లిజన్, వెనకే టు. అందుకే "ఐ యామ్ హియరింగ్ ది ఖుత్బా" అంటే అతకదు. రంజాన్ 29వ సాయంత్రం మేడెక్కి ఆస్మాన్ వైపు చూస్తాం, అది లుక్. చాంద్ కనబడితే అది సీ. ఎంత లుక్ చేసినా సీ కాని సాయంత్రాలు ఉంటాయని ప్రతి బచ్చాకూ తెలుసు. వాచ్‌కు మాత్రం సరిగ్గా సరిపోయే ఒక్క మాట మనకు లేదు. మ్యాచ్ "చూస్తూ ఉండడం", "దేఖ్తే రహ్నా" అని సర్దుకోవాలి.

ఇంకా చిక్కులున్నాయి. ఉర్దూ బోల్నా, ఝూట్ బోల్నా రెంటికీ మనకు ఒకే బోల్నా. ఇంగ్లీషులో ఉర్దూని స్పీక్ చేస్తారు, అబద్ధాన్ని టెల్ చేస్తారు. అక్కడ తెలుగు దారి చూపిస్తుంది, అబద్ధం "చెప్తాం" కదా. కానీ స్పీక్, టాక్ రెంటినీ తెలుగు "మాట్లాడు"లో కలిపేస్తుంది. అప్పుడు మళ్ళీ ఉర్దూ దగ్గరికే రావాలి. బోల్నా స్పీక్‌కు, బాత్ కర్నా టాక్‌కు చాలావరకు సరిపోతాయి. బారో, లెండ్ అయితే ఉధార్ లేనా, ఉధార్ దేనా. లేనా, దేనా తేడా తెలిసినవాడు స్నేహితుణ్ణి "కెన్ యూ బారో మీ ఎ పెన్" అని అడగడు.

ఉర్దూ చదువుకున్న నానీమా ఇంట్లో ఉంటే హోంవర్క్ వేళ పిల్లల పక్కన కూర్చోబెట్టండి. ఇక్కడ "కహా" అనాలా, "బతాయా" అనాలా అని అడగమనండి. ఆమెకు ఇంగ్లీషు అక్షరం రాకపోయినా జవాబు సహీగా చెప్తారు.