ఎర్రచందనం చేవలో ఒక సమాసం

శేషాచలం అడవుల్లో పెరిగే ఎర్రచందనం చేవలో టెరోస్టిల్బీన్ అనే పదార్థం ఉంది. ఈ చెట్టుకు వృక్షశాస్త్రం పెట్టిన టెరోకార్పస్ శాంటలైనస్ అనే పేరులోని తొలి భాగమే రసాయనానికీ సంక్రమించింది. గ్రీకులో ‘ప్టెరాన్’ అంటే రెక్క, ‘కార్పోస్’ అంటే కాయ, ఎర్రచందనం కాయ చుట్టూ రెక్కవంటి పలుచని అంచు ఉంటుంది. పదాదిన ఉన్న పకారం ఇంగ్లీషు ఉచ్చారణలో లోపించినా, అదే మాట చివర చేరిన హెలికాప్టర్‌లో మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. ‘స్టిల్బీన్’ అనే రెండో భాగం మెరుపును సూచించే గ్రీకు ధాతువు నుంచి వచ్చింది.

టెరోస్టిల్బీన్ అనేది వాడుక పేరు. శాస్త్రనియమాల ప్రకారం దీన్ని 4-[(ఈ)-2-(3,5-డైమిథాక్సీఫినైల్)ఇథినైల్]ఫినాల్ అనాలి. చూడగానే బెదరగొట్టే ఈ పేరు తెలుగువారికి నిజానికి పరాయిది కాదు, ఎందుకంటే మన సమాసాల్లో వలెనే ఇందులోనూ ప్రధానపదం చివర నిలిచి, విశేషణాలన్నీ దాని ముందు చేరాయి. చివరి ‘ఫినాల్’ అంటే ఆరు కార్బన్ల వలయానికి ఒక హైడ్రాక్సిల్ సమూహం అంటుకొని ఉన్నదని అర్థం. దాని నాలుగో కార్బన్ దగ్గర ద్విబంధం గల రెండు కార్బన్ల వంతెన, అదే ‘ఇథినైల్’, మొదలవుతుంది. వంతెన ఆవలి కొసన ఉన్న మరో వలయం ‘ఫినైల్’, దాని మూడు, అయిదు స్థానాల్లో ఒక్కొక్క ‘మిథాక్సీ’ సమూహం ఉంది. కుండలీకరణంలోని ‘ఈ’ జర్మన్ మాట ‘ఎంట్‌గేగెన్’కు తొలి అక్షరం, రెండు వలయాలూ ద్విబంధానికి చెరొక వైపున ఉన్నాయని దాని భావం.

చిక్కంతా ఉచ్చారణ విరుపుకూ అర్థపు విరుపుకూ పొత్తు కుదరకపోవడంలో ఉంది. నోటితో డై-మి-థాక్-సీ-ఫి-నైల్ అని పలుకుతాము, అర్థం మాత్రం డై-మిథ్-ఆక్సీ-ఫినైల్ అని విడుతుంది. ‘థా’ అనే ఒక్క అక్షరంలో హల్లు మిథైల్‌ది, అచ్చు ఆక్సిజన్‌ది. మిథైల్‌లోని ‘ఐల్’ లోపించి తరువాతి అచ్చు వచ్చి చేరడం, ‘రాముడు’ చివరి ఉకారం లోపించి ‘రాముడతడు’ కావడానికి ఎంతో దగ్గర. కాబట్టి సంధి విడదీయడం నేర్చిన విద్యార్థికి ఈ పేరును విడదీయడం కొత్త విద్య కానక్కరలేదు.

ఆ శేషాచలం చెంతనున్న తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం వ్యాకరణాన్నీ, 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రసాయనశాస్త్రాన్నీ బోధిస్తున్నాయి. ఈ రెండు చదువులూ తెలుగు పాఠ్యపుస్తకంలో కలుసుకోవడం ఎంతైనా అవసరం. పొడవైన పేరును పంక్తి చివర ఎక్కడ పడితే అక్కడ విరిచి అచ్చువేయకుండా, మొదటిసారి వచ్చినచోట పదచ్ఛేదంతో, తరువాత కలిపి ముద్రించాలి. ఫినైల్, ఫినాల్ అనే రెంటికీ తేడా ఒక్క గుణింతమే అయినా, మొదటిది మరో నిర్మాణానికి అంటుకొనే సమూహం, రెండోది హైడ్రాక్సిల్ గల సంపూర్ణ పదార్థం. ఆ భేదం తెలియకుండా కంఠస్థం చేసిన విద్యార్థి ఒకదానికి బదులు మరొకటి రాస్తే పదార్థమే మారిపోతుంది.