ఆసు శ్రమయు, అంగడి ధరయు

సుల్తాన్ బజారు అంగళ్ళలో పోచంపల్లి చీరయు, ఆ వన్నెచిన్నెలనే అచ్చువేసిన మరనేత చీరయు కొనువారి కంటికి ఒక్కతీరుగనే తోచవచ్చును. ధరలలో మాత్రము ఎంతో అంతరము. చౌకవైపు చేయి పోవుట సహజము. కాని ఆ అంతరమునకు కారణ మెరుగకుండుటయే నేతగాని బ్రదుకునకు చేటు.

చిటికి చీరకు నూలును ముందుగా లెక్కప్రకారము ముడులు కట్టి, రంగులో ముంచి, పిదప నేయుదురు. పేకనూలును ముడివేయుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధవలయముగా నాటిన మేకులచుట్టు దారము త్రిప్పుటయే ఆసు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలెను. ఈ పని పెక్కిండ్లలో స్త్రీలది. భుజముల నొప్పియు వారిదే. తల్లి పడు ఈ బాధ చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రమును నిర్మించెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆయన బడిచదువు నడుమనే ఆగినదని ఉపాధ్యాయులు గమనింతురు గాక!

యంత్రము భుజమును కాపాడినది, ధరను కాపాడజాలదు. 1985 నాటి చట్టము 22 రకముల వస్త్రములను చేమగ్గమునకు ప్రత్యేకించెను. తరువాత అవి 11కు తగ్గినవి. 2005లో పోచంపల్లి నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చెను. అయినను చట్టము ప్రతి దుకాణపు బల్లయొద్ద కాపలా నిలువగలదా? అచ్చట నుండువాడు కొనువాడే. అతడు చీరను తిరుగవేసి చూచుట నేర్వవలెను. నూలుకే రంగు పట్టుటచే అసలు చీరకు ఇరువైపుల పూవు సమముగా నుండును, దాని అంచులు కొంచెము చెదరియుండును. అచ్చుచీర వెనుకవైపు సాధారణముగా వెలవెలబోవును. బడిలో ఈ పాఠమునకు రెండు గుడ్డపేలికలు చాలును.